రాతి మీద మా ఇంటి దారి

జూన్ 9

ఒరేయ్ మసిగా,

నీ ఉత్తరం అందింది గానీ అందులో బొమ్మ సగమే అందింది. నాలుగు మడతలు పెట్టి పంపావు కదా, మడత మడతకీ నీ నల్లకడ్డీ మసి అంటుకుని, మీ ప్రెస్సు మేస్త్రీ ముక్కు కాస్తా ఆయన చెవి పక్కకి వెళ్ళిపోయింది. కిందేమో "ఈయనే మా మేస్త్రీ, బంగారంలాంటి మనిషి" అని రాశావు. బంగారమే కావచ్చు గానీ, ఆ ముఖంతో వెళితే ఆయన్ని వాళ్ళింట్లోకి రానిస్తారా అని నా అనుమానం.

నువ్వు పంపిన బొమ్మలన్నీ ఒక దొంతరగా పెట్టుకున్నాను. మొన్న తీసి చూస్తే ఒకదాని మసి ఇంకోదానికి అంటి, మీ వీధి కుక్క నీ మంచం మీద పడుకున్నట్టు తయారైంది. మామూలు పెన్సిలుతో గీయరాదట్రా? "చేతికి ఇదే అలవాటైంది" అంటావు. నీ అలవాట్ల సంగతి నాకు చెప్పకు. అమ్మ పోయాక నిన్ను పెంచిన నాలుగు గోడలూ బొగ్గుతో నింపావు. కడిగింది నేను.

ఒక మాట చెప్పనా? నీ గది బొమ్మ ఒకటి పంపావు చూడు, అది తరచూ తీసి చూసుకుంటాను. మంచం, బల్ల, బల్ల మీద గ్లాసు. ఆ గ్లాసు చూస్తే దాహం వేస్తుంది, అంత బాగా గీశావు. కానీ ఆ గదిలోంచి మెట్లు దిగితే ఏ వీధో, పొద్దున్నే నువ్వు ఎటు నడిచి పనికి వెళతావో నాకు తెలీదు. కళ్ళు మూసుకుని నీ దగ్గరికి వద్దామంటే గది కనిపిస్తుంది, దారి కనిపించదు.

మీ బావ అలాగే ఉన్నారు. నీ ఉత్తరం వచ్చిన రోజు కుట్టుమిషను కాస్త గట్టిగా తొక్కుతారు, అంతే. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? దుకాణంలో పని నేర్చుకోరా అని కూర్చోబెడితే, కోటు లోపలి గుడ్డ మీద ఆ కోటు పెద్దమనిషి బట్టతలే సుద్దతో గీసి పెట్టావు. ఆయన "ఇక ఈ గడప తొక్కకు" అన్నారు, నువ్వు "పిలిచేదాకా తొక్కను" అన్నావు. ఇద్దరూ మాట మీద నిలబడ్డ మహానుభావులే. మధ్యలో నలిగేది నేను. ఆయన పిలవరు, నువ్వు రావు. ఇక వస్తే నేనే రావాలి. నిన్ను చూడాలని ఉందిరా.

అన్నం తినేముందు చేతులు కడుక్కో. ఆ మసి కడుపులోకి పోతుంది.

మీ అక్క

జూన్ 21

అక్కా,

నీ ఉత్తరం మేస్త్రీకి చదివి వినిపించాను. ముక్కు తడిమి చూసుకుని, "ఇక్కడే ఉంది కదయ్యా, ఎక్కడికీ పోలేదని రాయి" అన్నాడు.

ఆ కడ్డీ మామూలుది కాదు. మైనం, సబ్బు, మసి కలిపి చేసింది. కాగితం మీద ఎన్నాళ్ళున్నా ఆరదు, ఎందుకంటే అది రాతి కోసం పుట్టింది. బల్లంత నున్నటి రాయి ఉంటుంది. దాని మీద ఈ కడ్డీతో గీస్తాను. తర్వాత రాతికి మందు వేసి, నీళ్ళతో తడిపి, సిరా రోలరు దొర్లిస్తే, తడి ఉన్నచోట సిరా అంటదు, నా జిడ్డు గీతలకే అంటుతుంది. పైన కాగితం పరిచి మరలో నొక్కితే బొమ్మ కాగితంలోకి దిగుతుంది. ఇక దాన్ని నువ్వు చెరగమన్నా చెరగదు. చిక్కల్లా ఒకటే. అద్దంలోలాగా కుడి ఎడమవుతుంది. అందుకని రాతి మీద అంతా తిరగేసి గీయాలి, అక్షరాలు కూడా. కొత్తలో సాయంత్రానికి తల తిరిగిపోయేది. ఇప్పుడు సంతకం పెట్టమంటే తిరగేసి పెడుతున్నాను. మీ ఊళ్ళో అమ్మే సబ్బు మీద నవ్వుతూ ఒక పిల్ల ఉంటుంది చూడు, అది నేను గీసిందే.

నువ్వు దారి అడిగావు. ఆ ముక్క చదివాక ఆ రోజు నాకు పని సాగలేదు. నా బొమ్మలు మడతల్లో పోతున్నాయన్నావు కదా, ఈ ఒక్కటీ పోకూడదనుకున్నాను. లేబుళ్ళ పని అయిపోయిన రాయి ఒకటి ఉంది. అరగదీసి శుభ్రం చేశారు, కొత్త పని ఇంకా ఎక్కించలేదు. వాడుకోనా అని మేస్త్రీని అడిగాను.

"ఎవరికి?"

"మా అక్కకి."

"అలా అయితే మంచి సిరా తియ్యి" అన్నాడు.

స్టేషను గుమ్మం దగ్గర మొదలుపెట్టి నా గది మెట్ల దాకా గీశాను. మాటల్లో చెప్పను, అన్నీ బొమ్మలోనే ఉన్నాయి. కుళాయి, ఇక్కడ తిరుగు, పొడుగు గోడ, బయటి మెట్లు అని ఎక్కడికక్కడ రాశాను కూడా. రెండే కాగితాలు తీశాం. ఒకటి నీకు, ఒకటి నా గోడకి. వేలకి వేలు అచ్చు పడే మర అక్కా అది. నీకోసం రెండంటే రెండు కాగితాలకి ఆగిపోయింది.

ఆదివారం నాకు పని ఉండదు. ఏ ఆదివారమైనా సరే.

నీ మసిగాడు

జూలై 2

మసిగా,

వేలితో రుద్దాను. తడి వేలితో రుద్దాను. కొంగుతో కూడా రుద్దాను. చెరగలేదురా! ఏం మాయో ఏమో!

కుళాయి కింద బిందె కూడా పెట్టావు. బిందెకి సొట్ట కూడా పెట్టావు. మెట్ల పైన "నేను" అని రాసి, గోరంత మనిషిని చెయ్యెత్తి నిలబెట్టావు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, తర్వాత ఇంకేదో వస్తుంది.

దాన్ని వంటింటి తలుపు వెనక అంటించాను. మీ బావ అటు రారు. పని అయ్యాక రోజూ వేలితో నడుస్తున్నాను. స్టేషను, కుళాయి, తిరుగు, పొడుగు గోడ, సందు, మెట్లు. ఇప్పుడు దారి నాకు నోటికొచ్చు. నన్ను ఆ ఊళ్ళో కళ్ళకి గంతలు కట్టి వదిలినా నీ గుమ్మం ముందు తేలతాను.

వస్తాను. ఎప్పుడో మాత్రం చెప్పను. చెప్పుకున్న ప్రయాణం ఏదీ ఈ ఇంట్లో సాగదు, నీకు తెలుసుగా. ఏదో ఒక ఆదివారం పొద్దుటి బండికి దిగుతాను. సాయంత్రం బండికి తిరిగి రావాలి, అంతకు మించి కుదరదు. నువ్వు మాత్రం ఆదివారాలు ఇల్లు కదలకు. గడ్డం గీసుకుని ఉండు.

అక్క

ఆగస్టు 14

అక్కా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఒంట్లో బాగానే ఉందా?

ఆదివారాలు నేను గడప దాటడం లేదు. క్షవరం శనివారమే చేయించుకుంటున్నాను. నీకోసం ఇంకో కుర్చీ కొన్నాను. మంచం మీద కొత్త దుప్పటి పరిచాను గానీ, మాసిపోతుందని నేను కింద పడుకుంటున్నాను. పొద్దుటి బండి కూత వినపడగానే బయటికొచ్చి మెట్ల మీద నిలబడతాను. సందు మలుపులో ఆడమనిషి కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే లేస్తుంది. ఒకరోజు ఎవరో పెద్దావిడకి ఊపేశాను. ఆవిడ ఇప్పుడు రోజూ పలకరిస్తోంది. పక్కింటాయన "ఇంతకీ ఎవరయ్యా వచ్చేది?" అని అడిగితే, మా అక్క అన్నాను. "అక్క కోసం ఇంత హడావుడి చేసేవాణ్ణి నేను చూళ్ళేదు" అన్నాడు. ఆయనకి అక్కలు లేరు, ఏం తెలుస్తుంది!

సాయంత్రం బండి వెళ్ళిపోయాక లోపలికొచ్చి తింటాను. వచ్చే వారంలే అనుకుంటాను.

బొమ్మ ఎలా ఉందో ఇంకోసారి రాయి. మేస్త్రీ అడుగుతున్నాడు. నాకూ వినాలని ఉంది.

నీ మసిగాడు

ఆగస్టు 23

తమ్ముడికి,

మేము క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను.

బొమ్మ బాగుంది. అచ్చూ బాగుంది. లేని ఇంటిని, లేని మనిషిని కూడా ఉన్నట్టే గీయగలవు. ఆ విద్య నీకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఆదివారాలు గడప దాటడం లేదని రాశావు. సంతోషం.

వంటింటికి సున్నం వేయిస్తున్నాం. తలుపు వెనక కాగితం తీసేశాను. ఇక మీదట బొమ్మలు అక్కర్లేదు, బాగున్నానని రెండు ముక్కలు రాస్తే చాలు.

అక్క

సెప్టెంబరు 2

అక్కా,

"తమ్ముడికి" అట. నేనెప్పుడు తమ్ముణ్ణయ్యాను? నీకు నేను మసిగాణ్ణి, వెధవని, దరిద్రుణ్ణి. కోపమొస్తే కుంకని. తమ్ముడని ఈ జన్మలో ఎప్పుడూ పిలవలేదు.

అది నీ చేతిరాతే గానీ నీ మాట కాదు. బావ పక్కన నిలబడి చెబుతుంటే రాశావా? నిజం చెప్పు. తలుపు వెనక కాగితం ఆయన కంటబడి ఉంటుంది. చించేసి ఉంటాడు. సున్నమని నాకు సున్నం పెడుతున్నావు. ఆయనకి నేను ఏనాడో లేను, అందుకు నాకు బాధ లేదు. నీకు కూడా లేకుండా పోయానా? "లేని మనిషి" అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

రాలేనంటే రాలేనని చెప్పెయ్. ఆదివారాలు ఎదురు చూడటం మానేస్తాను. మానలేను, ఆ సంగతి నీకూ తెలుసు. అయినా సరే, చెప్పు.

ఇక్కడ వానలు. రాళ్ళు ఆరడం లేదు. ఏ పనీ కుదురుగా లేదు.

(ఏమని సంతకం పెట్టాలో తెలీడం లేదు)

సెప్టెంబరు 9

ఒరేయ్,

మీ బావని ఇంకొక్క మాటన్నావంటే మర్యాద దక్కదు. ఆయనకి ఈ గొడవేదీ తెలీదు. నోరు మూసుకుని ఉందామనుకున్నాను. నువ్వు ఉండనివ్వవు కదా!

వచ్చానురా నేను. జూలై ఆఖరి ఆదివారం వచ్చాను. మీ ఊళ్ళో దారం, గుండీలు చవక అని మీ బావతో చెప్పి పొద్దుటి బండి ఎక్కాను. నీకిష్టమైనవన్నీ వండి డబ్బాలో పెట్టుకున్నాను. స్టేషను దిగాక కాగితం తీసి చూసే పని కూడా లేకపోయింది. కుళాయి కనిపించింది. బిందె కూడా ఉంది, నవ్వుకున్నాను. బొమ్మలో ఎటు తిరిగితే అటు తిరిగాను. పొడుగు గోడ ఉంది. సందు ఉంది. సందు చివర ఇంటికి బయటి మెట్లున్నాయి. ఈ మోకాళ్ళతో ఆ మెట్లు పరిగెత్తి ఎక్కాను, తెలుసా!

తలుపు కొడితే ఎవరో ఆవిడ తీసింది. లోపల కూర్చుని కాగితం సంచులు అతికించుకుంటోంది. ప్రెస్సులో బొమ్మలు గీసే మా తమ్ముడు ఇక్కడే కదా ఉండేది అంటే, "ఇక్కడ మేమే ఉంటాం, మొదట్నుంచీ మేమే ఉన్నాం" అంది. నీ బొమ్మ చూపించాను. ఆవిడ అటూ ఇటూ చూసి, "మెట్లు మావేనమ్మా, మనిషే మావాడు కాదు" అంది.

ప్రెస్సుకి వెళదామంటే ఆదివారం తాళమేస్తారంది. ఇన్నేళ్ళూ ఉత్తరాలకి ప్రెస్సు చిరునామాయే ఇచ్చావు, ఇంటిది ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో అప్పుడు అర్థమైందనుకున్నాను. ఏ కొంపలో ఎలా పడి ఉంటున్నాడో, అక్క కళ్ళ పడటం ఇష్టం లేక లేని ఇంటికి దారి గీసి పంపాడు అనుకున్నాను. అంత ముద్దుగా, చెరగకుండా అచ్చువేసి మరీ. అయినా వెళ్ళిపోబుద్ధి కాలేదు. సాయంత్రం దాకా ఆ మెట్ల మీదే కూర్చున్నాను. వీధిలో పోయే ప్రతి మగవాడి నడకా చూశాను. ముఖం మారి ఉంటుంది, నడకైనా గుర్తుపడతాననుకున్నాను.

డబ్బా ఆవిడ చేతిలో పెట్టి బండి ఎక్కాను. దారం లేకుండా ఇంటికొచ్చి, కొట్లో సరుకు బాలేదని చెప్పాను. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది, ఆదివారాలు గడప దాటడం లేదని! ఎవరి గడపరా అది?

అక్క

సెప్టెంబరు 20

అక్కా,

నీ ఉత్తరం ప్రెస్సులో విప్పాను. మధ్యలోనే లేచి గదికి వచ్చేశాను. గోడ మీద రెండో కాగితం ఉంది కదా. జూన్ నుంచీ నా తల వైపే ఉంది, ఒక్కనాడూ సరిగ్గా చూడలేదు. మా ఇంటికి నాకు దారెందుకు? అప్పుడు చూశాను. కుళాయి దగ్గర దారి ఎడమకి తిరిగి ఉంది. మా ఇల్లు కుడి వైపక్కా.

తిరగేసి గీయలేదు. అక్షరాలు తిరగేశాను, అవి చేతికి వాటంతటవే వస్తాయి. దారి దగ్గరికొచ్చేసరికి నేను గీయలేదు, నడిచాను. నువ్వు బండి దిగినట్టు, నీ చేతిలో సంచి నేను పుచ్చుకున్నట్టు, "ఇటు తిరగాలక్కా, గుంట ఉంది చూసుకో" అని చెబుతున్నట్టు అనుకుంటూ పోయాను. రాతి మీద దారి సరిగ్గానే ఉంది. కాగితం మీదికి దిగేటప్పుడు తిరగబడింది. మేస్త్రీకి చెబితే తల పట్టుకున్నాడు. "అక్షరాలు సరిగ్గా పడ్డాయా లేదా అనే చూశాను గానీ, మీ వీధి నేనెందుకు సరిచూస్తానయ్యా" అన్నాడు. సబ్బు పిల్ల చెవి పోగు ఒక్కటి అటుది ఇటు పడితే రాయి మొత్తం అరగదీయించే మనిషిని నేను. నీ ఒక్కదానికోసం గీసినచోట బోల్తాపడ్డాను. ఇంటి చిరునామా కూడా దాచలేదక్కా, పోస్టు వచ్చే వేళకి గదిలో ఎవరూ ఉండరని ప్రెస్సుది ఇచ్చానంతే.

నిన్న ఆదివారం. ఈ బొమ్మ పట్టుకుని స్టేషను నుంచి నువ్వు నడిచినట్టే నడిచాను. ఈ వీధుల్లో సగం ఇళ్ళకి బయటి మెట్లే. అవతల ఒక పొడుగు గోడ ఉన్న సంగతి కూడా నాకు తెలీదు. ఆవిడ తలుపు తీసి, కాగితం చూసి, "ఓహో, ఆవిడని పొద్దస్తమానం కూర్చోబెట్టిన ఘనుడివి నువ్వేనా?" అంది. ఏమన్నా పడ్డాను. లోపలికెళ్ళి డబ్బా తెచ్చి ఇచ్చింది. కడిగి, మూత పెట్టి ఉంచింది. ఎవరైనా వస్తారని ఉంచానంది.

నువ్వు ఏ మెట్టు మీద కూర్చున్నావో చూపించింది. నేనూ కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే ఇళ్ళ సందులోంచి కుళాయి కనిపిస్తుంది. కుళాయికి అవతల మా వీధి మొదలు కనిపిస్తుంది. ఆ రోజు ఆ వీధిలోనే నేను మెట్ల మీద నిలబడి ఉన్నానక్కా, పొద్దుటి బండి నుంచి సాయంత్రం బండి దాకా.

నిన్ను గీశాను, ఆ మెట్టు మీద. చేతులెక్కడ పెట్టుకుంది, కొంగు ఎలా ఉంది, డబ్బా ఒళ్ళో ఉందా పక్కనుందా అని ఆవిణ్ణి అన్నీ అడిగాను. పాపం ఓపిగ్గా చెప్పింది. ముఖం దగ్గర ఆగిపోయాను. నాకు తెలిసింది నేను ఇల్లు వదిలిన నాటి ముఖం.

"జుట్టు నెరిసిందా అండీ?"

"ముందు వైపు."

"చిక్కిపోయిందా?"

"నాకేం తెలుసు నాయనా, ముందెలా ఉండేదో నేను చూడలేదుగా. కళ్ళజోడు మాటిమాటికీ తుడుచుకుంది."

నీకు కళ్ళజోడు ఎప్పుడొచ్చిందక్కా? నాకు రాయనే లేదు. కళ్ళజోడు పెట్టి గీసి చూస్తే ఎవరో పరాయి ఆవిడ అయిపోయింది. ఆ కాగితం చించేశాను. మళ్ళీ గీసి, ముఖం ఖాళీగానే పంపుతున్నాను. కోపం తెచ్చుకోకు. నల్లకడ్డీతోనే గీశాను. రాతి మీదికి ఎక్కించబుద్ధి కాలేదు.

నీ మసిగాడు

సెప్టెంబరు 29

ఒరేయ్ మసిగా, వెధవా, దరిద్రుడా,

చాలా, ఇంకా కావాలా? ఇన్నాళ్ళూ దాచుకున్నవన్నీ ఉన్నాయి.

నీ ఉత్తరం చదివి అక్కడే నేల మీద కూలబడ్డాను. మీ బావ మిషను ఆపి వచ్చారు. ఇక దాచి లాభం లేదని మొదట్నుంచీ చెప్పేశాను. ఆ దారి కాగితం ఏదీ అన్నారు. సున్నమని రాశాను గానీ, పెట్టె అడుగున భద్రంగానే పెట్టాను. తెచ్చి ఇస్తే, వెనక్కి తిప్పి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నారు. కోటు కొలతల కాగితాలు రోజూ అటొకసారి ఇటొకసారి తిప్పేవాళ్ళే కదా. కాసేపు చూసి, "వెధవ, ఎడమ చెయ్యి కుడికి కుట్టాడు" అని నవ్వారు. నీ మాట వచ్చినప్పుడు ఆయన నవ్వగా చూసి ఎన్నాళ్ళైందో!

తర్వాత నెమ్మదిగా, "ఆదివారం దారం కొట్లు తెరవరని నాకు తెలీదనుకున్నావా?" అన్నారు. తెలిసే ఎందుకు పంపారంటే, వెళ్ళి మిషను ముందు కూర్చున్నారు. మళ్ళీ దీపాలు పెట్టే వేళకి, మిషను మీంచి తల ఎత్తకుండానే, "వాడి భుజం కొలత నా దగ్గరున్నది పాతది, ఇప్పుడు పనికిరాదు" అన్నారు. అంతే. అంతకు మించి ఆ నోట్లోంచి రాదు. చచ్చినా రాదు.

అందుకని నేనే పిలుస్తున్నాను. ఈ గడప ఆయనొక్కడిదే కాదు, రోజూ కడిగేది నేను. పిలిచేదాకా తొక్కనన్నావు గానీ ఫలానా వాళ్ళే పిలవాలని అనలేదు. ఇన్నేళ్ళూ నాకీ ముక్క ఎందుకు తట్టలేదో! రా. డబ్బా మర్చిపోకు, దాని మూత లాంటి గట్టి మూత ఇప్పుడు దొరకడం లేదు.

కళ్ళజోడంటావా, నువ్వు దిగులు పడతావని రాయలేదు. నీ బొమ్మలు మసగ్గా కనిపిస్తుంటే మసి అంటిందేమో అనుకునేదాన్ని. సగం నీ మసి, సగం నా కళ్ళు. డాక్టరు చెబితే గానీ తెలియలేదు.

మెట్టు మీది బొమ్మ వచ్చింది. మడతల్లో మసి అంటింది గానీ ఫరవాలేదు. చేతులు నావే. డబ్బాని అలా రెండు చేతులతో పట్టుకుని కూర్చునేది నేనే. ముఖం దగ్గర తెల్లగా ఉంది. దాన్ని చూస్తూ ఉంటే ఒకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు బొగ్గుముక్క పట్టుకుని, "అక్కా, కాసేపు కదలకుండా కూర్చోవే, నీ బొమ్మ గీస్తాను" అని నా వెనకాలే తిరిగేవాడివి. పొయ్యి మీద ఏదో ఒకటి ఉండేది. బావి దగ్గర బట్టలుండేవి. తర్వాతరా, తర్వాతరా అనేదాన్ని. ఊరందరి ముఖాలూ గీశావు, నాది ఒక్కసారీ గీయలేదు.

వచ్చెయ్యరా. పొయ్యి ఆర్పేస్తాను. బట్టలు మర్నాడు ఉతుక్కుంటాను. నువ్వు చాలనేదాకా కదలకుండా కూర్చుంటాను.

అక్క